చాందా తెలుగిళ్లలో జొన్న, బియ్యం, షుగర్

మన ఇళ్లలో పెళ్లి కుదిరితే వంటవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి ఈ మధ్య కొత్తగా చేరింది: "షుగరోళ్లు ఎంతమంది ఉంటరు?" లెక్క చెప్పాలి. వాళ్ల కోసం పక్కన జొన్నరొట్టెల పొయ్యి పెడతారు. ముప్పై ఏళ్ల కింద ఇదే పొయ్యి పెట్టి ఉంటే ఆడపెళ్లివాళ్లు చిన్నబుచ్చుకునేవాళ్లు. పెళ్లిలో జొన్నరొట్టె పెట్టారంటే బియ్యానికి గతి లేదన్నమాట. ఇప్పుడు ఆ పొయ్యి దగ్గరే వరస పొడుగు.

మా ఇంటి లెక్కే తీసుకుంటే, తాత తరంలో ఈ జబ్బు ఉన్నట్టు ఎవరూ చెప్పరు (పరీక్ష చేయించుకున్నవాళ్లు మాత్రం ఎవరున్నారు గనక?). బాపు తరంలో ఏడుగురిలో నలుగురికి వచ్చింది. పెద్దబాపుకి కాలి వేలు తీసేశారు. మా తరంలో నలభై దాటకముందే గోలీలు మొదలైనవాళ్లు ముగ్గురు. రక్తంలో ఉందంటారు. ఉంది నిజమే. కానీ రక్తం తాతకీ ఉండె కదా. మధ్యలో మారినవాటిలో కంచం ఒకటి, ఒంటిపని ఒకటి. కంచం ఎట్లా మారిందో వెనక్కి తవ్వి చూస్తే, ఇవాళ దాంట్లో ఏం పెట్టుకోవాలో కొంత తేలుతుందని నా ఆశ.

చాందా అని పాతపేరే రాస్తున్నాను. చంద్రపూర్ అని మార్చింది 1964లో. మన ముసలివాళ్ల నోట్లో ఇప్పటికీ చాందానే. ఈ ఊళ్లో తెలుగు ఎప్పటిదో ఒక్క మాటలో చెప్పడం కష్టం. గోదావరి, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచ 1874లో ఎగువ గోదావరి జిల్లా రద్దయినప్పుడు చాందాలో కలిసింది. 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోయేదాకా మనతోనే ఉంది. ఇటు రాజురా నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాలోది. రాష్ట్రాలు విడదీసినప్పుడు బొంబాయి రాష్ట్రానికి వచ్చి, 1959లో చాందా జిల్లాలో చేరింది. అంటే కొందరు తెలుగువాళ్లు చాందాకి వచ్చారు, కొందరి దగ్గరికి చాందాయే వచ్చింది. ఇంటిపేరు చివర 'వార్' తగిలించుకున్న కోమట్ల కుటుంబాలు అంతకంటే పాతవి. మన 'వారు' ఇక్కడ 'వార్' అయింది. మాలాంటివాళ్లం వెనక వచ్చినవాళ్లం. కరీంనగర్ వైపు నుంచి మా తాత బల్లార్‌పూర్ బొగ్గు బావుల్లో పనికని వచ్చాడు.

ఈ జిల్లాలో ఒక విచిత్రం ఉంది. ఇది రెండు ధాన్యాల సరిహద్దు. పడమట వరోరా వైపు నల్లరేగడి, అక్కడ జొన్న, పత్తి, కంది. తూర్పున మూల్, సిందేవాహీ, బ్రహ్మపురి వైపు చెరువుల కింద వరి. ఆ చెరువులు తవ్వడంలో కోహళీ కులస్తులు పేరుమోసినవాళ్లు. ఒకే జిల్లాలో ఒకవైపువాళ్లు భాకరీ, ఇంకోవైపువాళ్లు భాత్. మధ్యలో చాందా బజారు. మన తెలుగువాళ్లు వచ్చింది మాత్రం ఎక్కువగా మెట్ట ఊళ్ల నుంచే, జొన్న తినే ఇళ్ల నుంచే. తెలుగువాళ్లంటే పుట్టుకతోనే అన్నం తినేవాళ్లని మన మరాఠీ పక్కింటివాళ్లు అనుకుంటారు, మన పిల్లలూ అదే నమ్ముతున్నారు. అది నిన్నమొన్నటి మాట.

మా నానమ్మ చెప్పిన రోజువారీ తిండి ఇది. పొద్దుగాల అంబలి. పగలు గటక, అంటే జొన్నల్ని ఇసుర్రాయి మీద రవ్వగా విసిరి ఉడికించిన ముద్ద. దాంతో పుంటికూర పప్పో, పచ్చిపులుసో. రాత్రి రొట్టె, తొక్కు, దొరికితే ఉల్లిగడ్డ. పుంటికూరనే ఇక్కడివాళ్లు అంబాడీ అంటారు. వాళ్లు చేసే అంబాడీ భాజీకీ మన పప్పుకీ తేడా పోపులోనే. అన్నం పండక్కి, పెళ్లికి, చావుకి. జ్వరం వస్తే కూడా అన్నమే. మెత్తగా ఉడికించి పెట్టేవారు, తొందరగా అరుగుతుందని. ఆ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. తొందరగా అరగడమంటే తొందరగా చక్కెరై రక్తంలో కలవడమే. జ్వరం రోజుకి అది మేలు, రోజుకి మూడు పూటలంటే వేరే సంగతి.

ఈ తిండిని నేను ఆకాశానికి ఎత్తడం లేదు. అది చాలా రోజులు సగం కడుపు తిండి. 1896-97 కరువు, వెంటనే 1899-1900 కరువు ఈ సెంట్రల్ ప్రావిన్సెస్‌ను ఊడ్చేశాయి. జొన్న ఒక్కటే తిని బతికినవాళ్లకి ఇంకో జబ్బు వచ్చేది. చేతులు, మెడ మీద ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు, మతి తప్పడం. దాన్ని పెల్లాగ్రా అంటారు. దక్కన్‌లో జొన్న తినే పేదల్లో ఈ జబ్బు ఎందుకొస్తుందో హైదరాబాద్ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండటం ఒక కారణమన్నారు. పప్పు, పాలు, కూర ఉన్న ఇంట్లో జొన్న ఏమీ చేయదు. అవేవీ లేకుండా జొన్న ఒక్కటే ఉన్న ఇంట్లోనే చిక్కు.

బియ్యం సంగతి కూడా అంతే. ఆ హైదరాబాద్ సంస్థ పుట్టుక కథే బియ్యం కథ. రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి ఒక చిన్న గది తెరిచాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి వచ్చి, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. బెరిబెరి దేశంలో ఎక్కువగా కనపడింది ఎక్కడో తెలుసా? ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా తెలుగు జిల్లాల్లో. మరపట్టి తెల్లగా చేసిన పచ్చి బియ్యమే ప్రధానంగా తినేవాళ్లకి అది వచ్చేది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్లకి రాలేదు, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. వందేళ్ల కిందే తెల్ల బియ్యం మనకి ఒకసారి చెప్పి చూసింది. మనం మాత్రం మర ఇంకా నున్నగా పట్టించుకున్నాం.

చాందాలో మన కంచం మారిన దారి చూద్దాం. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలు దారి పూర్తయింది. దాంతో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది, మన స్టేషన్ దాని మీదికి వచ్చింది. రాకపోకలు సులువయ్యాయి. ఆ తర్వాత కాగితం మిల్లు, బావులు. నెల జీతం చేతికొచ్చిన ఇంట్లో మొదట మారేది కంచమే. మా బాపు మాటల్లో: "మా నాయిన పగారం దొరికిన్నాడు బియ్యం తెస్తుండె. నాకు ఉద్యోగమైనంక రోజూ పగారమే." జొన్న తినడమంటే ఊళ్లో ఉన్నట్టు, బియ్యం తినడమంటే పట్నంలో కుదురుకున్నట్టు. పల్లె నుంచి చుట్టాలొస్తే గటక గిన్నె వెనక్కి జరిపి అన్నం గిన్నె ముందుకి పెట్టేవాళ్లట.

ఆ కుదురుకోవడం అబద్ధం కాదు. కడుపునిండా తినగలగడం చిన్న విషయం కాదు. నా తరం వాళ్లం కొందరం ఇవాళ ఆర్గానిక్ జొన్నలు కొని, తాతల్ని "తెల్ల బియ్యం మోజులో పడ్డారు" అంటాం. నాకది నచ్చదు. ఆకలి తెలిసినవాళ్ల మోజును ఆకలి తెలియనివాళ్లం వెక్కిరించకూడదు.

1983 అనే సంవత్సరాన్ని మాత్రం కొంచెం ఆగి చూడాలి. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. మన మేనమామల ఊళ్లలో, మెట్ట మీద, పెళ్లికి తప్ప అన్నం చూడని ఇళ్లలోకి ప్రతి నెలా బియ్యం సంచి వచ్చింది. సరిగ్గా అదే ఏడు మన జిల్లాలో, నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ అనే చిన్న ఊళ్లో (మరాఠ్వాడా నాందేడ్ కాదు) దాదాజీ రామాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు తన మడిలో పటేల్-3 వరిలో కొన్ని కంకులు వేరేగా ఉన్నాయని గమనించాడు. వాటి గింజలు విడిగా దాచాడు, విడిగా నాటాడు, ఏళ్ల తరబడి ఏరుకుంటూ పోయాడు. సన్నని బియ్యం, మంచి దిగుబడి. పేరేమి పెట్టాలో తెలియక అప్పట్లో అందరి చేతికీ ఉన్న గడియారం పేరు పెట్టారు: హెచ్ఎంటీ. పెద్దగా చదువుకోని ఆ మనిషి ఏరిన గింజ మహారాష్ట్ర దాటి తెలంగాణ, ఆంధ్ర పొలాల్లోకి పాకింది. 2005లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా ఆయనకి పురస్కారం అందింది. 2018 జూన్‌లో పోయాడు, చివరిదాకా డబ్బుకి ఇబ్బంది పడుతూనే. హైదరాబాద్‌లో మన చుట్టాలు "హెచ్ఎంటీ బియ్యం తప్ప తినం" అన్నప్పుడల్లా, అది మా చాందా గింజ అని చెప్పుకోవాలనిపిస్తుంది నాకు.

అటు బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి వచ్చింది. సన్న బియ్యం రుచి మరిగాక దొడ్డు బియ్యం కూడా కిందికి జారింది, ఇక జొన్న ఎంత? ఇక్కడ విదర్భలో జొన్న చేలు సోయాబీన్‌కీ పత్తికీ దారి ఇచ్చాయి. జొన్న వేస్తే పిట్టలు, అడివిపందులు, చివర్లో వాన పడితే గింజకి నలుపు. కాపలాకి మనిషి ఉండాలి. సోయాబీన్‌కి బజారులో డబ్బు ఉంది. కంట్రోలు దుకాణంలో ఇచ్చేది బియ్యం, గోధుమలు. రైతు వేయడు, సర్కారు ఇవ్వదు, ఇల్లాలికి రొట్టె తట్టే టైము లేదు. మన ఇళ్లలో జొన్న పోవడానికి ఎవరో ఒకరి తప్పు వెతకనక్కర్లేదు.

కంచం పెరిగే వేళకే పని తగ్గింది. తాత పని తట్టలతో, పారతో. 1973లో బావులు జాతీయమయ్యాయి, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వచ్చింది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో పెద్ద యంత్రాలు దిగాయి. పెద్దబాపు ముందు పార పట్టాడు, తర్వాత మిషన్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. అన్నం గిన్నె మాత్రం పార పట్టిన రోజుల్లోదే. రిటైరయ్యాక కూడా అదే. పెద్దమ్మ వడ్డిస్తూ "మగమనిషి గీ మాత్రం తినకుంటె ఎట్ల?" అనేది.

ఇక జబ్బు వైపు వద్దాం. దీన్ని కొత్త జబ్బు అనుకోవద్దు. చరకసంహితలో మధుమేహం ఉంది. మూత్రానికి చీమలు పట్టడం ఉంది. లావుగా ఉన్న రోగి వేరు, బక్కగా ఉన్న రోగి వేరు, ఇద్దరికీ వైద్యం వేరన్న మాటా ఉంది. కారణాల్లో సుఖంగా కూర్చోవడం, నిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లంతో చేసినవి చెప్పారు. తిండిగా యవలు పెట్టమన్నారు. పొట్టున్న, నమలాల్సిన గింజ అది. అయితే అది అప్పుడు ఎక్కువగా ఉన్నవాళ్ల జబ్బు. ఇప్పుడు లెక్క మారింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల 10 లక్షలు, అంచు మీద ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షలు. పల్లెలేం తక్కువ కాదు. ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో చేసి 2006లో ప్రచురించిన ఒక సర్వేలో 30 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 13 మందికి షుగర్ కనపడింది.

"మా వాడు బక్కగానే ఉంటాడు, వాడికెందుకొచ్చింది?" అని మన ఇళ్లలో అడగని తల్లి లేదు. దీనికి జవాబు వెతికినవాళ్లలో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఒకరు. 2004లో ఆయన ఒక ఇంగ్లండ్ స్నేహితుడితో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వేశారు. ఇద్దరిదీ ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండ్ ఆయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. పైకి బక్క, లోపల కొవ్వు. పుణె పల్లెల్లో పుట్టిన బిడ్డల్లో కూడా ఇదే చూశారు. బరువు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం ఉంది. కడుపుతో ఉన్న తల్లి తిండి సరిగా లేకపోతే దాని ప్రభావం బిడ్డ మీద చాలా ఏళ్లు ఉంటుందని ఆ పరిశోధన చెప్తోంది. నానమ్మల సగం కడుపు, బాపుల నిండు కడుపు, మన కుర్చీ ఉద్యోగం, మూడూ ఒకే ఇంట్లో ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మరి మళ్లీ జొన్నకి పోతే సరిపోతుందా? 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నాక మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఇదే పాట. అంకెలు చూడండి. హైదరాబాద్ సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. జొన్నలో పిండిపదార్థం 68, పీచు 10. తేడా ఉంది, మంచి తేడానే. కానీ 68 అంటే 68. రెండు రొట్టెలు తినాల్సినవాడు "షుగర్‌కి మంచిదట" అని అయిదు తింటే ఏం మిగిలింది? 2025లో అదే ఇండియాబ్ వాళ్లు తిండి లెక్కలు బయటపెట్టారు. మనవాళ్లు తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే. తెల్ల బియ్యం తీసేసి ఆ చోట గోధుమ పిండో, చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనపడలేదు. మొత్తం పిండిపదార్థంలో కొంత తగ్గించి ఆ చోట పప్పు, పాలు, గుడ్డు, చేప లాంటివి పెడితే తగ్గుతుందని వాళ్ల లెక్క. గింజ మార్చడం కన్నా గిన్నె చిన్నది చేయడం ముందు పని.

నానమ్మ కంచంలో నేను వెతికింది కూడా ఇదే. అందులో జొన్న ఉందన్నది సగం సంగతి. గటక చుట్టూ పప్పు, ఆకుకూర, పులుసు ఉండేవి. గటక రవ్వతో వండేది, మెత్తటి పిండితో కాదు. ఇప్పుడు గిర్నీలో పౌడరులా పట్టించి జావ కాచుకుని తాగితే అది జొన్నే అయినా గొంతు దిగేలోపే సగం అరిగినట్టు. చక్కెర తొందరగా పెరుగుతుంది. దంచి, రవ్వ చేసి, కాస్త పలుకుగా వండుకుంటే నిదానం. గిర్నీవాడికి "మోటా పీస్" అని చెప్పాలి, చెప్పకపోతే వాడు అలవాటుగా మెత్తగానే పడతాడు.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చెప్తాను, మీకు నచ్చింది తీసుకోండి. కంచంలో మొదట పడేది కూర, పచ్చి ముక్కలు. దోసకాయ, ముల్లంగి, టమాట ఏదైనా. తర్వాత పప్పు. అవి సగం తిన్నాకే అన్నమో రొట్టో. వింతగా ఉంటుంది, పదిరోజుల్లో అలవాటైపోతుంది. కూర, పప్పు ముందు తిని అన్నం చివర తింటే భోజనం తర్వాత చక్కెర అంతగా ఎగరదని పరిశోధనల్లో కనపడింది. అన్నం చిన్న గిన్నెతో ఒక్కసారి, మారు లేదు. పక్కింటి మరాఠీవాళ్ల దగ్గర నేర్చుకున్న జవస్ చట్నీ, అంటే అవిసెగింజల కారప్పొడి, కంచంలో రోజూ ఉంటుంది. కందిపప్పు మాత్రం నీళ్లలా కాకుండా చిక్కగా. బియ్యం మానలేనివాళ్లకి 2015లో వచ్చిన తెలంగాణ సోనా, ఆర్ఎన్ఆర్ 15048, మామూలు సన్నబియ్యం కంటే కొంత నిదానంగా చక్కెర పెంచుతుందంటారు. దాన్ని బజారులో "షుగర్ ఫ్రీ బియ్యం" అని అమ్మితే మాత్రం నమ్మొద్దు. చక్కెర కాని బియ్యం లేదు.

తిన్నాక పది, పదిహేను నిమిషాల నడక. మే నెలలో చాందా ఎండ మీకు తెలుసు, పగలు బయట కాలు పెట్టలేం. అప్పుడు ఇంట్లోనే, వరండాలోనే అటూ ఇటూ. మా అత్త టీవీ సీరియల్ నడుస్తున్నంతసేపూ హాల్లో నడుస్తుంది. నవ్వినవాళ్లం నవ్వాం, ఆమె మూడు నెలల సగటు చూపించే రిపోర్టు మాత్రం బాగుపడింది.

ఉపవాసాల సంగతి విడిగా చెప్పాలి. ఇక్కడికొచ్చాక మనవాళ్లు మరాఠీ ఉపవాసాలు కూడా నేర్చుకున్నారు. ఏకాదశి, సంకష్టి, నవరాత్రి. ఉపవాసమంటే సాబూదాణా ఖిచిడీ, ఆలుగడ్డ, వేయించిన చిప్స్. "ఏకాదశి, దుప్పట్ ఖాశీ" అని వాళ్లే ఒక సామెత చెప్పుకుంటారు, ఏకాదశినాడు రెండింతలు తింటారని. సగ్గుబియ్యం అంటే కర్రపెండలం గంజిపొడి. పీచు లేదు, పప్పు లేదు. షుగర్ ఉన్నవాళ్లకి మామూలు భోజనం కంటే ఆ ఉపవాసమే ఎక్కువ చెరుపు. ఉండే తీరాలంటే భగర్ కొద్దిగా, పెరుగు, పల్లీలు, ఒక పండు చాలు. ఇంకో ముఖ్యమైన మాట. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, చక్కెర బాగా దించే కొన్ని గోలీలు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా పూట మానొద్దు, ఉన్నపళంగా తిండి సగం చేయొద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే చక్కెర పడిపోతున్నట్టు. వెంటనే చక్కెరో, గ్లూకోజో నోట్లో వేయాలి. అప్పుడు పథ్యం చూడొద్దు. కంచం మార్చాం కదా అని గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు, అంకెలు చూసి డాక్టరే తగ్గించాలి.

పండగలకి నేను అడ్డు చెప్పను. బతుకమ్మకి సత్తుపిండి, సంక్రాంతికి సకినాలు లేకపోతే మనం చాందాలో తెలుగువాళ్లమని మనకే ఎట్లా గుర్తుంటుంది? ఒక్క ముద్ద సత్తు కన్నా రోజుకి ఆరుసార్లు తాగే చక్కెర చాయ్ ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా చాయ్, ఎవరింటికి పోయినా చాయ్. "బిన్ సాఖర్" అని చెప్పడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. నాగ్‌పూర్ సంత్రా ఒలిచి తినండి, రసం తీయకండి.

ఇంట్లో వండే మనిషి కంచం ఎవరూ చూడరు, అదీ చెప్పాలి. బాపుకి షుగర్ వచ్చాక అమ్మ ఆయనకి వేడిగా జొన్నరొట్టె, పప్పు, కూర చేసేది. ఆయన తిన్నాక, పిల్లలు తిన్నాక, మిగిలిన అన్నం పారేయలేక పచ్చిపులుసు పోసుకుని తను తినేది. కూర అప్పటికి అయిపోయి ఉండేది. బాపు షుగర్ అదుపులోకి వచ్చిన రెండేళ్లకి అమ్మది బయటపడింది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు, ఎందుకంటే ఆమెకి ఎవరూ పరీక్ష చేయించలేదు. మన ఆడవాళ్లలో కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి పోయినవాళ్లుంటే, వాళ్లు ప్రతి ఏడూ పరీక్ష చేయించుకోవాలి. వాళ్లకి అది తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. రొట్టెలు చేస్తే అందరికీ చేయండి, కూర కొలిచి వండితే వండిన మనిషికి కూడా కొలవండి.

ఖర్చు మాటా దాచలేం. రేషన్‌లో బియ్యం, గోధుమలు 2023 జనవరి నుంచి ఉచితం. గోల్ బజార్‌లో జొన్నలు డబ్బు పెట్టి కొనాలి, పోయినసారి నేను కొన్నప్పుడు మంచి జొన్న మామూలు బియ్యం కంటే ఖరీదు. ఒకప్పుడు పేదల తిండని వదిలేసింది ఇప్పుడు ఉన్నవాళ్ల తిండి అయింది. అందుకే ఇంట్లో పనికి వచ్చే అక్కతో "జొన్న తిను" అనడానికి నాకు నోరు రాదు. ఆమెతో అనగలిగింది వేరే: రేషన్ బియ్యమే తిను, ఒక గిన్నె తగ్గించి ఆ చోట పప్పు, అంబాడీ కూర పెంచు. అంబాడీ పెరట్లో కూడా మొలుస్తుంది.

మన చుట్టాలు షోలాపూర్, భివండీ, సూరత్, నాగ్‌పూర్‌లో ఉన్నారు. అక్కడ మీ ఇళ్లలో జొన్న ఏ తరంలో ఆగిపోయింది, ఏం చూసి ఆగిపోయింది, ఎవరైనా గుర్తున్నవాళ్లని అడిగి రాయండి. గటక రవ్వకి మీవైపు పచ్చజొన్న వాడేవారా తెల్లజొన్నా అన్నది కూడా. మా నానమ్మ పచ్చజొన్నే అనేది, మా అమ్మమ్మవైపువాళ్లు ఒప్పుకోరు.